నిజం చెప్పకుండా ఐపీ దాకా: వ్యాపారులకు పక్కా చిట్కాలు

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో కొట్టు తెరవడం పెద్ద పనేం కాదు. కొబ్బరికాయ కొట్టి, పెద్దమనిషిని ఒకర్ని పిలిచి రిబ్బన్ కత్తిరిస్తే అయిపోతుంది. ఆ కొట్టును ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాకుండా ఐపీ దాకా నడిపించాలంటే మాత్రం ఓర్పు కావాలి, ముందుచూపు కావాలి. చాలామంది సగం దారిలో నిజం చెప్పేసి పాడైపోతున్నారు. లెక్క ఇదీ అని ఒప్పుకుని, ఉన్న ప్లాటు అమ్మి, బాకీ తీర్చి, చిన్న కొట్టుతో మళ్లీ మొదలుపెట్టి, పొద్దున్నే షట్టర్ లేపుకుంటూ బతుకుతున్నారు. వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీకా గతి పట్టకూడదనే ఈ చిట్కాలు. వరుసగా పాటించండి.

ఐపీ అంటే మన వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవాళ్ల కోసం ఒక మాట చెబుతాను. బాకీలు కట్టలేను మహాప్రభో అని కోర్టుకు రాసిచ్చుకునే దివాలా పిటిషన్ అది. 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం కింద వేస్తారు. నిజంగా చితికిపోయిన మనిషిని అప్పులవాళ్ల వేధింపుల నుంచీ, సివిల్ జైలు నుంచీ కాపాడడానికి పెట్టిన చట్టం. వరదలో సరుకు కొట్టుకుపోయినవాడికి, రోగంతో మంచం పట్టినవాడికి, నమ్మి నెత్తిన గుడ్డేసుకున్నవాడికి అది ఆఖరి దారి. ఆ దారి ఎక్కడుందో మనకు ముందే తెలుసు కాబట్టి కొట్టు తెరిచిన రోజే బయల్దేరుతున్నాం. 500 రూపాయల అప్పున్నా పిటిషన్ వేయొచ్చని ఆ చట్టంలో రాసుంది. గేటు ఎంత వెడల్పుగా ఉందో చూడండి.

1. మొదటి అబద్ధం మీకే చెప్పుకోండి

ఊరికి అబద్ధం చెప్పే ముందు దాన్ని మీరు నమ్మాలి. మీరే నమ్మని మాట చెబితే గొంతు వణుకుతుంది, చూపు నేలకు పోతుంది, మార్కెట్ యార్డులో బస్తా మోసే హమాలీ కూడా పట్టేస్తాడు. అందుకే సాధన లోపలి నుంచి మొదలుపెట్టాలి.

ఒక లెక్క వేద్దాం. మీరు వడ్ల వ్యాపారం చేస్తున్నారు. సూర్యాపేట చుట్టుపక్కల కల్లాల మీద రైతుల దగ్గర కొని మిర్యాలగూడ మిల్లులకు తోలుతున్నారు. ఖర్చులన్నీ పోను క్వింటాలుకు 20 రూపాయలు మిగులుతాయనుకోండి. 1,000 క్వింటాళ్లు తోలితే మీ సంపాదన 20,000. క్వింటాలు 2,300 చొప్పున మీ చేతి మీదుగా నడిచిన డబ్బు 23 లక్షలు. ఈ రెండు అంకెల్లో ఏది మీదో ఈ రోజే తేల్చుకోండి. 20,000 మాత్రమే నాది అనుకున్నారా, ఇక మీరు ఎందుకూ పనికిరారు. స్కూటర్ మీద తిరుగుతారు, అద్దె ఇంట్లో ఉంటారు, పడుకోగానే నిద్ర పడుతుంది. 23 లక్షలూ నాదే అనుకోండి. పది రోజుల్లో రైతు చేతిలో పెట్టాల్సిన పైకం కదా అని లోపల ఎవరో గొణుగుతారు. ఆ గొంతును పట్టించుకోకండి. గల్లాపెట్టెలో ఉన్నంతసేపు డబ్బు ఎవరి పేరూ చెప్పదు. ఈ ఒక్క మెలకువ పట్టుబడితే మిగతా చిట్కాలు వాటంతట అవే వచ్చేస్తాయి. అందుకే దీని మీద ఇంతసేపు ఆగాను.

చిట్టా రాయకండి. రాయక తప్పదంటే రావాల్సినవి ఒక పుస్తకంలో, ఇవ్వాల్సినవి ఇంకో పుస్తకంలో రాసి, రెండోదాన్ని పోగొట్టుకోండి. నెలాఖరున మొత్తం వేయకండి. కూడిక చాలా చెడ్డ అలవాటు. ఒకసారి మొత్తం చూసిన మనిషికి ఆ అంకె అన్నం తింటుంటే కూడా కనిపిస్తుంది. దాచిపెట్టిన బాకీల్ని వేళ్ల మీద లెక్కపెట్టుకునే పని కూడా వద్దు. ‘ఏదో నాలుగైదు ఉన్నయి’ అని వదిలేయండి.

2. ఊరికి కనిపించేలా బతకండి

మీకు కలిగిన నమ్మకం ఊరికి కూడా కలగాలి. బైపాస్ పక్కన ప్లాటు కొని జీ ప్లస్ టూ ఇల్లు కట్టండి. ముందు గేటు కట్టి, తర్వాత ఇల్లు కట్టినా పర్వాలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు చూసేది గేటునే. పెద్ద కారు కొనండి, కిస్తీల మీద. బాబుకు ధోతీ ఫంక్షన్, పాపకు శారీ ఫంక్షన్ చేయండి. పిలిచిన ప్రతి నాయకుడి ఫొటో ఫ్లెక్సీ మీద ఉండాలి, అందరి మధ్యలో మీ ఫొటో అందరికంటే కొంచెం పెద్దదిగా ఉండాలి.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని పెద్దలు దెప్పిపొడవడానికి అన్నారు. మీరు దాన్ని వ్యాపార ప్రణాళికగా తీసుకోండి. పల్లకీ మోత వినబడినంత దూరం అప్పు పుడుతుంది. లెక్కల పుస్తకం చూసి అప్పిచ్చే మనిషి మన బజార్లో దొరకడు. ఇల్లు చూసి ఇస్తాడు, కారు చూసి ఇస్తాడు, ఇచ్చిన తర్వాత మీ ఇంటి గృహప్రవేశానికి వచ్చి గోడ గడియారం కూడా ఇస్తాడు.

3. అడగలేనివాళ్ల దగ్గర అప్పు తీసుకోండి

బ్యాంకు గడప తొక్కొద్దు. బ్యాంకువాడు నిజం అడుగుతాడు. రిటర్నులు తెమ్మంటాడు, స్టాకు చూపించమంటాడు, పాత అప్పుల చరిత్ర మీట నొక్కి బయటికి లాగుతాడు. అవమానం కాదా?

మనకు కావాల్సినవాళ్లు వేరే ఉన్నారు. రిటైరైన టీచరు, పెన్షన్ డబ్బుతో. బిడ్డ పెళ్లికని భూమి అమ్ముకున్న రైతు. భర్త పోయాక వచ్చిన ఇన్సూరెన్సు సొమ్ము ఎక్కడ పెట్టాలో తెలియని దూరపు అక్క. మీ దగ్గరే బస్తాలు మోసి కూడబెట్టుకున్న హమాలీ. వీళ్లంతా గట్టిగా అడగలేనివాళ్లు. అడిగితే చుట్టరికం చెడుతుందని వాళ్లే భయపడతారు. మాట మాత్రం తియ్యగా ఉండాలి.

‘ఎందుకే అక్కా బ్యాంకుల పెట్టి ఆగమైతవు? నా దగ్గర పెట్టు. ఒకటో తారీకు రాంగనే వడ్డీ నీ ఇంటికొస్తది. నేను నీ తమ్ముణ్ని గాదా?’

మొదటి ఆరు నెలలు వడ్డీ ఒకటో తారీకునే ఇవ్వండి. పొద్దున ఏడింటికే వెళ్లి ఇవ్వండి. ఆ అక్కే ఇంకో నలుగురికి చెబుతుంది. కొత్తగా వచ్చిన నలుగురి అసలులోంచి అక్కకు వడ్డీ, వాళ్లకు వడ్డీ, మీ కారు కిస్తీ. దీన్నే మీరు రొటేషన్ అంటారు. మీకు మీరు చెప్పుకునేటప్పుడు కూడా ఆ మాటే వాడండి.

వడ్డీ ఎప్పుడూ రూపాయల్లోనే మాట్లాడండి. రెండు రూపాయల వడ్డీ అంటే చెవికి హాయిగా ఉంటుంది. ఏడాదికి నూటికి 24 అని మాత్రం నోరు జారొద్దు, మనసులో కూడా అనుకోవద్దు. మూడు రూపాయల దగ్గర తీసుకుని నెలనెలా కట్టకుండా అసలుకు కలుపుకుంటూ పోతే 24 నెలల్లో బాకీ రెట్టింపు దాటుతుంది. మీ వడ్ల వ్యాపారంలో డబ్బు రెండేళ్లలో రెట్టింపు కాదు. ఈ రెండు వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవకండి.

4. చిట్టీ నడపండి

రిజిస్టర్ చేయించకండి. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద చిట్టీ పెట్టేవాడు ముందే అనుమతి తీసుకోవాలి, పూచీగా డబ్బు కట్టిపెట్టాలి, లెక్కలు రిజిస్ట్రారుకు చూపించాలి. చూపించడానికి లెక్కలుండాలి కదా. మీ చిట్టీకి ఒక నోటుబుక్కు, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. మొదటి పాట మీరే ఎత్తుకోండి. ఆఖరి పాట కోసం ఆశగా ఎదురుచూసేవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి. రేపు కోర్టులో అప్పులవాళ్ల జాబితా రాసేటప్పుడు పనికొస్తాయి.

5. బస్తాలో ఒకటి, సంచి మీద ఒకటి

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ చుట్టూ భూములన్నీ మాగాణి అయ్యాయి, వెనకే మిల్లులు లేచాయి. ఈ రోజు కోత కాలంలో ఆ ఊరి రోడ్ల మీద వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి నిలబడతాయి. ఇన్ని వడ్లు, ఇంత బియ్యం కదిలేచోట మీరు సంచి మీద రాసిన మాటకు కట్టుబడి కూర్చుంటే సాగర్ కట్టినవాళ్లను అవమానించినట్టే.

రైతు దగ్గర కొనేటప్పుడు తేమ మీటరును మీ వైపు తిప్పి పట్టుకోండి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాకా తీసుకుంటారు. మీ మీటరులో ఎప్పుడూ 20కి తగ్గకూడదు. తర్వాత తాలు, మట్టి, సంచి బరువు, కాంటా తేడా అని వరుసగా తరుగు తీయండి. రైతు ఎదురు మాట్లాడితే ట్రాక్టరు వెనక్కి తిప్పుకోమనండి. కిరాయి ట్రాక్టరు, మీదికి మబ్బులు. అతను తిప్పుకోడు. సాయంత్రానికి ఆ మనిషి మొహం గుర్తొస్తే టీవీ పెట్టుకోండి.

అమ్మేటప్పుడు 1010 రకం బియ్యాన్ని హెచ్‌ఎంటీ సన్నబియ్యం సంచిలో పోయండి. నెల కిందట పట్టిన బియ్యాన్ని ఏడాది పాతవని చెప్పండి. వండితే ముద్దైందని వచ్చినవాళ్లతో ‘ఎసరు ఎక్కువ పెట్టిండ్రు వదినె’ అనండి. తప్పు వాళ్ల వంటది. ఒక జాగ్రత్త: మీ ఇంటికి వెళ్లే బస్తాకు వేరే గుర్తు పెట్టుకోండి, నిజంగానే పాతవి, నిజంగానే సన్నవి. సంచి మీద రాసింది నిజం కాదని మీకు బాగా తెలుసన్నదానికి ఆ ఒక్క బస్తాయే రుజువు. అందుకే దాన్ని పనివాళ్ల చేత కాకుండా మీరే మోసుకెళ్లండి.

మిల్లు ఓనరైతే మీకు ఇంకా విశాలమైన మైదానం ఉంది. ప్రభుత్వం తన వడ్లు మీ మిల్లులో పోస్తుంది. 100 కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి అప్పజెప్పాలి. నూకలు, తవుడు మీవే. ఆ 67 కిలోలు కూడా మీవే అనుకోవడం దగ్గర మొదటి చిట్కా పనికొస్తుంది. వడ్లు అమ్మేయండి. గడువు వస్తే వచ్చే సీజన్ వడ్లు పట్టి పోయిన సీజన్ బియ్యం కట్టండి. వచ్చే సీజన్ బాకీని ఆ పై సీజన్ చూసుకుంటుంది. అక్కకిచ్చిన వడ్డీ గుర్తుందా? అదే రొటేషన్, ఇక్కడ టన్నుల్లో. ఒక్క సీజన్ కాలువకు నీళ్లు రాకపోతే ఏమవుతుందని అడగొద్దు. అలా అడిగేవాళ్లు మిల్లులు పెట్టకూడదు.

రేషన్ బియ్యం సంగతి కొంచెం దిగులుగానే ఉంది. దొడ్డు బియ్యం కార్డుదారుల దగ్గర కారుచౌకగా కొని, పాలిష్ పట్టి, రంగుల సంచిలో తిరిగి వాళ్లకే అమ్మేవాళ్లు ఒకప్పుడు. 2025 ఉగాదినాడు పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ మీద సన్న బియ్యం పంపిణీ మొదలుపెట్టారు, మనిషికి 6 కిలోలు. జనం వాటిని ఇంట్లోనే వండుకు తింటే మీ పాలిష్ మిషన్ ఏం కావాలి? ఇలాంటి ఎదురుదెబ్బలకు కుంగిపోకండి. ఇంకా చాలా చిట్కాలున్నాయి.

6. నిజం చెప్పే కొట్టు వైపు వెళ్లకండి

ప్రతి బజార్లోనూ ఒకడుంటాడు. ‘బిల్లు రాలె పెద్దయ్యా, బుధవారం రా, సగం ఇస్త, మిగతాది దసరా ముందర’ అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. బుధవారం సగం ఇచ్చేవాడు. కొత్త బియ్యాన్ని కొత్త బియ్యమనే చెప్పి, గంజి ఎక్కువ వస్తుంది చూసుకోండమ్మా అనేవాడు. అతని పరిస్థితి చూడండి. కొట్టు ముందు ఎప్పుడూ జనం. మధ్యాహ్నం కునుకు తీయడానికి లేదు. నోటు లేకుండా, సాక్షి లేకుండా డబ్బు తెచ్చి దాచుకోమంటారు, వద్దన్నా వినరు. ఊళ్లో పంచాయితీ వస్తే అతన్నే పిలుస్తారు. ఫోన్ ఒక్కటే, అది మోగితే మొదటి రింగుకే ఎత్తాలి. ఆ బతుకు మనకొద్దు.

సత్య హరిశ్చంద్ర నాటకాన్ని కూడా పిల్లలకు చూపించకండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం పద్యాలకు పల్లెలు పల్లెలే తెల్లవార్లూ కూర్చునేవి. కథ చూస్తే ఏముంది? ఒక్క విశ్వామిత్రుడి బాకీ కోసం రాజ్యం పోయిన మనిషి ఆలిని, బిడ్డను అమ్మి, కాటికాపరిగా నిలబడ్డాడు. అప్పుడు 1920 చట్టం లేదు. ఉండి ఉంటే వకీలు దగ్గరికి వెళ్లేవాడు, మొదటి అంకంలోనే తెర పడేది. అలాంటి నాటకం చూసి చిన్నప్పుడు గాంధీ గారు చలించిపోయి, పదే పదే తనలో తాను ఆడుకునేవాడట. ఆ తర్వాత ఆయన ఎంత కష్టపడ్డాడో మీకు తెలుసు.

7. సాకుల ఖాతా రాసుకోండి

డబ్బు లెక్క రాయొద్దన్నాను. సాకుల లెక్క మాత్రం తేదీలతో సహా రాయాలి. ఎవరికి ఏ అబద్ధం చెప్పారో మర్చిపోతే నెల తిరక్కుండా పట్టుబడతారు. మేనమామను సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి చంపేస్తే ఎవరు నమ్ముతారు? పోయినవాళ్ల పేర్లు, ఆపరేషన్లు అయినవాళ్ల పేర్లు, ఏ ఆసుపత్రి, ఎన్ని కుట్లు, అన్నీ రాసుకోండి. నిజం చెప్పేవాడికి ఈ పుస్తకం అవసరం లేదు. ఆ మాట మీ చెవిన పడకుండా చూసుకోండి.

సాకు ఊరిని బట్టి ఉండాలి. సూర్యాపేటలో ఉంటే ‘హైదరాబాద్ల ఉన్న’ అనండి. 65వ నంబరు హైవే పక్కన నిలబడి మాట్లాడితే లారీ హారన్లు సాక్ష్యం చెబుతాయి. కోదాడవాళ్లు అదృష్టవంతులు. అటు హైదరాబాద్, ఇటు విజయవాడ, రాష్ట్రాల సరిహద్దు పక్కనే. ఇటువాళ్లకు అటున్నానని, అటువాళ్లకు ఇటున్నానని చెప్పొచ్చు. మిర్యాలగూడలో ‘మిల్లు బిల్లు పడలె’ అన్న మాట ఏడాది పొడవునా నడుస్తుంది.

కాలాన్ని బట్టి కూడా మార్చాలి. వానాకాలంలో వానల వల్ల, యాసంగిలో నీళ్లు రాకపోవడం వల్ల. ఎన్నికలప్పుడు రొక్కం పట్టుకుంటున్నారని. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర వస్తుంది. లింగమంతుల స్వామి పేరు చెబితే అప్పులవాడు కూడా దండం పెట్టి వెళ్లిపోతాడు. ‘గట్టు అయిపోనీ కాకా, తెల్లారే ఇస్త’ అనండి. మళ్లీ గట్టు వచ్చేదాకా గడుస్తుందని ఆశపడకండి, పక్షం రోజులు గడిస్తే చాలు. రోజువారీ అవసరానికి ఫోన్‌పే సర్వర్ డౌన్.

రెండు సిమ్‌లు పెట్టుకోండి. మొదటిది ఎప్పుడూ స్విచాఫ్. రెండోది మీకే గుర్తుండనంత కొత్తది.

8. కాగితాలను చదవకుండా సంతకం పెట్టండి

కాగితం విలువ మన ప్రాంతానికి బాగా తెలుసు. నిజాం కాలంలో గింజలు అప్పిచ్చి కల్లంలో ఒకటిన్నర రెట్లు కొలుచుకునే నాగు వడ్డీ నడిచింది. సూర్యాపేట తాలూకా జనం సాయుధ పోరాటంలోకి దిగాక అప్పు పత్రాలు వెతికి తగలబెట్టారు. అప్పుడు అబద్ధపు లెక్కలు రాసినవాడు అప్పిచ్చిన దొర. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది, అప్పు తీసుకునే మీరు అందులో కూర్చోండి.

ప్రామిసరీ నోటుకు మూడేళ్లు ఆయుష్షు. గడువులోపల కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు బతుకుతుంది. అప్పిచ్చినాయన మూడో ఏడు చివర్లో చెల్లు వేయించుకోవడానికి వస్తాడు. కాఫీ ఇప్పించండి, పిల్లల చదువులు అడగండి, ‘మన మధ్యల గీ కాగితాలేంది బావా’ అని నొచ్చుకోండి. ఆయన సిగ్గుపడి వెళ్లిపోతాడు. ముప్పై ఏళ్ల స్నేహం ఆ కప్పు కాఫీతో ముగిసిందని మీకు అప్పుడు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

మరీ మొండివాళ్లకు చెక్కు ఇవ్వండి. ఖాతాలో డబ్బు లేదని మీకు తెలుసు, ఆయనకు తెలియదు. చెక్కు తిరిగొస్తే 138వ సెక్షన్ కింద నోటీసు వస్తుంది, అందిన 15 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే కేసు, రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా వేసే వీలుంది. నోటీసు తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌తో ఇంట్లో లేనని చెప్పించండి. గుమ్మం లోపల నిలబడి చెప్పించండి.

9. ఇంట్లోవాళ్లకు ఆఖరున తెలియాలి

ఈ చిట్కా అన్నింటికంటే కష్టం. భార్యకు నిజం చెబితే ఆమె భయపడుతుంది, ఏడుస్తుంది, ఆ తర్వాత మెడలో ఉన్నది తీసి బల్ల మీద పెట్టి, కారు అమ్మేద్దాం, మా అన్నతో మాట్లాడతా, చిన్న ఇంట్లోకి మారదాం అంటుంది. అక్కడితో మీ పథకం మొత్తం కూలిపోతుంది. మొదటి ఏడాదే చెప్పి ఉంటే రెండు లక్షలతో తేలిపోయే సంగతి అది. అందుకే ఆ మొదటి ఏడాది దాటేదాకా నోరు మెదపకూడదు. దాటాక చెప్పాలన్నా నోరు రాదు, కాబట్టి ఇబ్బంది లేదు.

బంగారం అడిగేటప్పుడు లాకర్లో పెడతానని చెప్పండి. తాకట్టు రశీదు కారు డాష్‌బోర్డులో పెట్టకండి, అక్కడే అందరూ వెతుకుతారు. ఆమెకు సంగతి తెలియాల్సింది పొద్దున ఆరింటికి గేటు పట్టుకు నిలబడిన అప్పులవాడి నోటి ద్వారా, ఇరుగుపొరుగు చూస్తుండగా.

పిల్లవాడికి చిన్నప్పుడే శిక్షణ ఇవ్వండి. ‘నాన్న ఇంట్ల లేడంకుల్’ అనడం ఐదేళ్లకే వస్తుంది. మొదట్లో ‘నాన్న ఇంట్ల లేనని చెప్పమన్నడు’ అంటాడు. కోప్పడకండి, ఓపికగా దిద్దండి. పదేళ్లు వచ్చేసరికి కళ్లలోకి చూసి చెబుతాడు. పద్నాలుగేళ్లకు ప్రోగ్రెస్ కార్డు మీద మీ సంతకం తనే పెట్టుకుంటాడు. ఇంటరులో హాస్టల్ ఫీజు ఏం చేశాడని అడిగితే రొటేషన్ అంటాడు. మీ వారసుడు తయారయ్యాడు.

10. ఆస్తి బామ్మర్ది పేర రాయండి

ఎవరినీ నమ్మకూడదని ఇప్పటిదాకా నేర్చుకున్నారు. ఇప్పుడు ఒక్కరిని పూర్తిగా నమ్మాలి. ఇల్లు, ప్లాటు, మిగిలిన రెండెకరాలు బామ్మర్ది పేర రిజిస్ట్రేషన్ చేయించండి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు ఉత్తుత్తిగా చేసిన బదిలీలను కోర్టు రద్దు చేయొచ్చని దివాలా చట్టం 53వ సెక్షన్లో ఉంది. అంతకు ముందువైనా అప్పులవాళ్లను ముంచడానికి చేసినవైతే ఆస్తి బదిలీ చట్టం కింద దావా వేస్తారు. ఈ సెక్షన్లు మీకు చదివి వినిపించే వకీలును మార్చేయండి.

బామ్మర్దితో కాగితం రాయించుకోవద్దు. మీ మధ్య కాగితాలేంటి? అతను పదేళ్లు మీ కొట్లో కూర్చుని, మీరు ఫోన్‌లో మాట్లాడింది విని, మీ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇల్లు ఎప్పుడు తిరిగి రాస్తావని అడిగినప్పుడు ‘దసరా కానీయి బావా’ అంటాడు. మీ సాకుల ఖాతాలో ఆ మాట ఏ పేజీలో ఉందో చూసుకోండి.

11. శుభదినం

పిటిషన్ వేసే రోజు ఊళ్లో ఉండకండి. సూర్యాపేటకు, కోదాడకు రైలు లేదు, బస్టాండులో అందరూ తెలిసినవాళ్లే. మిర్యాలగూడ వెళ్లండి. రాత్రి నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. మొక్కు తీర్చుకుంటున్నామని చెప్పొచ్చు, గుండు చేయించుకుంటే వెంటనే ఎవరూ గుర్తుపట్టరు కూడా.

మీరు కొండ మీద ఉండగా ఇక్కడ పిటిషన్ నంబరవుతుంది. అప్పులవాళ్లందరి పేర్లూ, ఎవరికెంతో, మీ ఆస్తులేంటో బయల్దేరేముందే అందులో రాసి నిజమని ప్రమాణం చేయాలి. మీ జీవితంలో మొదటిసారి కూడిక వేసేది అప్పుడే. అంకె చూసి కంగారుపడకండి. తర్వాత ఒక్కొక్కరికి నోటీసు పోతుంది. పెన్షన్ టీచరుకు, భూమి అమ్మిన రైతుకు, హమాలీకి, అక్కకు. అక్కకు చదువు రాదు, పక్కింటి పిల్ల చదివి చెబుతుంది.

దీంతో అంతా మాఫీ అయిపోతుందని వకీలు గుమాస్తా అంటాడు. నమ్మండి. మోసం చేసి తెచ్చిన అప్పు కోర్టు విడుదల చేసినా తీరదని 44వ సెక్షన్ అంటుంది. లెక్కల పుస్తకాలు కావాలని మాయం చేస్తే, ఆస్తి దాస్తే ఏడాది దాకా జైలని 69వ సెక్షన్ అంటుంది. దివాలాదారుగా ప్రకటించాక స్థానిక సంస్థల పదవికి పోటీ చేయడానికి కూడా కుదరదు. వార్డు మెంబరు ఎన్నికల ఖర్చు మిగిలిందని ఇంట్లో చెప్పండి.

12. కొత్త ఊరు

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ దాటాక ఏదో ఒక గల్లీలో ఒక గది తీసుకోండి. మన బస్సులు ఆగేచోటికి దూరంగా ఉండాలి. ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లకండి. చావులకు చీకటిపడ్డాక వెళ్లి చీకటిలోనే వచ్చేయండి. అమ్మకు ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే నిజమేనా, పట్టుకోవడానికి వేసిన ఎత్తా అని ముందు ఆలోచించండి. ఇన్నేళ్లు మీరు చెప్పిన ఆసుపత్రి కబుర్ల తర్వాత ఆ అనుమానం మీకు రావడం సహజం.

రాత్రిపూట నిద్ర పట్టకపోతే తప్పు ఎవరిదో ఒకసారి చెప్పుకోండి. మిల్లువాడిది. రైతుది. సాగర్‌లో నీళ్లది. బామ్మర్దిది. ఆశపడి వడ్డీకి ఇచ్చిన అక్కది. జాబితాలో మీ పేరు రాకముందే ఆపేయండి, నిద్ర పడుతుంది.

మొదటి నెల అద్దె రొక్కంగా, ఒకటో తారీకునే, పొద్దున ఏడింటికి కట్టండి. రెండో నెల మిఠాయి డబ్బాతో వెళ్లి కట్టండి. మూడో నెలకు ఓనరు మిమ్మల్ని తమ్ముడూ అని పిలుస్తాడు. ఆయన ఈ మధ్యే రిటైరయ్యాడేమో కనుక్కోండి.